నాజిల్ సంగతి నాకు తెలుసనుకున్నా

ఎప్పుడూ మిర్చి, పత్తి, కాలువ నీళ్లు, యార్డులో ధరలు ఇవే రాస్తుంటా. ఈసారి బొమ్మలకు రంగు కొట్టే చిన్న గన్ గురించి రాస్తున్నా. దాన్ని ఎయిర్‌బ్రష్ అంటారు. ఈయనకేమైందిరా అనుకోకండి, చదవండి. మన ఊళ్లల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు ఫోమ్ షీటుతో, పీవీసీ పైపు ముక్కలతో చిన్న ట్రాక్టర్లు, ట్రక్కులు, ఎడ్లబండ్లు చేస్తున్నారు. మీ ఇంట్లో అలాంటోడు ఉంటే నేను చేసిన పని మీరు చెయ్యకూడదని రాస్తున్నా.

మా చిన్నోడు నాలుగేళ్ల కిందట బైకు మీద నుంచి పడి కుడికాలు రెండుచోట్ల విరగ్గొట్టుకున్నాడు. రాడ్ వేశారు. ఇంట్లో తిరుగుతాడు గానీ గట్ల మీద నడవలేడు, ఎక్కువసేపు నిలబడలేడు. మంచంలో ఉన్న ఆర్నెల్లలో ఈ బొమ్మల పని పట్టుకున్నాడు. మొదట మన ట్రాక్టరే చేశాడు. అసలు బండి పదహారు అడుగులుంటే బొమ్మ ఒక్క అడుగు, ఆ లెక్కన. హుక్కు, లివర్లు, వెనక టైరు గుబ్బలు అన్నీ ఉన్నాయి. నేను చూసి బాగుందిరా అని చేలోకి పోయా. నిజం చెప్పాలంటే అంతకుమించి పట్టించుకోలా. కాలక్షేపం అనుకున్నా.

తర్వాత ఊరు వదిలి హైదరాబాదులో ఉంటున్నవాళ్లు మా నాన్న బండి చేసిపెట్టు, మా తాత ఎడ్లబండి చేసిపెట్టు అని అడగడం మొదలైంది. రెండువేలు, మూడువేలు ఇచ్చి తీసుకుపోతున్నారు. అప్పుడొచ్చింది రంగు తంటా. బ్రష్షుతో వేస్తే గీతలు కనపడతయ్. డబ్బా స్ప్రే కొడితే రంగు మందంగా పడి బోల్టులు, గ్రిల్లు సందులు పూడుకుపోతయ్. అడుగులో ముప్పాతిక లేని బండికి అసలు బండికి పడేంత మందాన రంగు పడితే అది బండిలా ఉండదు, బెల్లం పాకంలో ముంచినట్టు ఉంటుంది.

"నాన్నా, మంచి ఎయిర్‌బ్రష్, దానికి కంప్రెసర్ కావాలి. రెండూ కలిపి ఇరవై వేలు దాకా అవుతుంది" అన్నాడు. నేను నవ్వా. "ఇరవై వేలు పెడితే నాకు తైవాన్ స్ప్రేయరే వస్తుందిరా, ఎకరాలకు ఎకరాలు కొట్టొచ్చు. అరచేయంత బండికి ఇరవై వేలా?" అన్నా. వాడు ఇంకేం మాట్లాడలా. వాడి డబ్బులతో వాడే ఆన్‌లైన్‌లో రెండు వేల రెండొందలకు ఒకటి తెప్పించుకున్నాడు. కింద ఛార్జింగ్ మోటారు, పైన గన్, తళతళ మెరుస్తా ఉంది. చూసి నేనే అన్నా, "ఇది చాలదా ఏంది?" అని.

మా బజారులో ఒక పెద్దాయన పోయారు. ఆయన బతికుండగానే అమ్మేసిన ఎర్ర మ్యాసీ ట్రాక్టరు ఉండేది. వాళ్ల అబ్బాయి నన్ను బాబాయ్ అంటాడు. సంవత్సరీకానికి ఫొటో పక్కన పెట్టాలి, ఆ బండి చేయించు బాబాయ్ అని మూడు వేలు ముందే ఇచ్చాడు. మావాడు నెలన్నర చేశాడు. బానెట్ మీద ఒక సొట్ట ఉండేది, పాత ఫొటోలో చూసి ఆ సొట్ట కూడా పెట్టాడు.

తిథి ఇంకా మూడు రోజులుంది. రాత్రి ఎరుపు కొడుతుంటే గన్ పూడుకుపోయింది. వాడు విప్పి థిన్నర్‌లో కడుగుతున్నాడు. నేను అన్నం తిని వచ్చి చూశా. నలభై ఏళ్ల నుంచి మందు కొడుతున్నోడిని, నాజిల్ సంగతి నాకు చెప్తావా అని చేతిలోంచి తీసుకున్నా. "వద్దు నాన్నా" అంటూనే ఉన్నాడు. మా ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసి నాజిల్‌లో గుచ్చా. మన పంపు నాజిల్‌కి చేసినట్టే. చిన్న టప్ మని వినపడింది. నాకైతే పూడిక పోయిందనే అనిపించింది.

వాడు బిగించి కొట్టాడు. బానెట్ మీద సన్నటి మంచు పడాల్సింది, కారం చల్లినట్టు చుక్కలు చుక్కలు పడ్డయ్. నాజిల్ మూతి చీలింది. దానికి విడిగా నాజిల్ దొరుకుతుందా అంటే దొరకదు, అమ్మినోడు ఫోనెత్తడు. వాడు నన్ను ఒక్క మాట అనలా. అదే నాకు ఎక్కువ బాధైంది. రెండు రాత్రులు కూర్చుని సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, బ్రష్షుతో వేసి ఇచ్చాడు. ఆ అబ్బాయి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, బాగుందన్నాడు. మిగతా డబ్బులు ఇవ్వబోతే మావాడు తీసుకోలా. "మచ్చలు ఎక్కడున్నయ్యో నాకు తెలుసు నాన్నా" అన్నాడు ఆ రాత్రి.

ఆ మర్నాడు మొదటిసారి వాడి పక్కన కూర్చుని, అసలు ఇదేందో చెప్పరా అని అడిగా. చెప్పాడు. చెప్తా ఉంటే సగం మనకు తెలిసిన సంగతే. ఇదేం కొత్త వస్తువు కాదు, గన్ లోపలే గాలీ రంగూ కలిసే రకానికి 1890లలోనే బర్డిక్ అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్నాడట. ముందు ఫొటోలు దిద్దడానికి వాడేవాళ్లు.

మన పంపులో నీళ్లనే ఒత్తిడితో తోస్తాం. ఇందులో గాలి వేగంగా పోతూ రంగును లాక్కుపోయి తుంపరలు చేస్తుంది. గన్ మధ్యలో పొడుగాటి సూది ఉంటుంది, దాని మొన నాజిల్ కంతలో కూర్చుంటుంది. సూది వెనక్కి లాగినకొద్దీ రంగు ఎక్కువొస్తుంది. ఆ కంత 0.3 మిల్లీమీటర్లు. అంటే నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. అందులో నేను పిన్నీసు గుచ్చా! మన పంపు నాజిల్‌కైనా ఈ పని చెయ్యకూడదు సోదరులారా. కంత సాగిపోయి మందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడుతుంది. మెత్తటి బ్రష్షుతోనే తుడవాలి. నోటితో ఊదేవాళ్లు ఇంకా ఉన్నారు మన ఊళ్లో, వాళ్లకేం చెప్పాలో నాకు తెలవదు.

కొనేటప్పుడు ఏం చూడాలో వాడు చెప్పింది, నేను చూసింది కలిపి రాస్తున్నా. మొదట సైజు. 0.2 అంటే బొమ్మ మనిషి కళ్లు, సన్న గీతలు వెయ్యడానికి, ఊరికే పూడుకుంటుంది. 0.5 అంటే ప్రైమర్‌కి, పెద్ద బండి ఒంటికి. ఒక్కటే కొనేవాడికి 0.3 గానీ 0.35 గానీ చాలు. కలుపు మందుకి ఒక నాజిల్, పురుగు మందుకి ఒక నాజిల్ పెట్టుకోమా, అట్లాగే. రంగు గిన్నె పైన ఉండే రకం తీసుకోండి, రంగు దానంతటదే దిగుతుంది, తక్కువ గాలి చాలు. కింద సీసా తగిలించే రకం ఎక్కువ రంగు కొట్టేవాళ్లకు. ఇక మీట. ఒక రకంలో మీట నొక్కితే గాలీ రంగూ ఒకేసారి వస్తయ్, రంగు ఎంత రావాలో ముందే మరతో తిప్పి పెట్టుకోవాలి. ఇంకో రకంలో కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. దీన్నే డబుల్ యాక్షన్ అంటారు. చెయ్యి తిరగడానికి పదిరోజులు పడుతుంది గానీ బొమ్మల పనికి ఇదే.

లోపలి వాషర్లు అడగండి. మామూలు రబ్బరైతే థిన్నర్‌కి ఉబ్బిపోతయ్. మన పంపు వాషర్లు కొన్ని మందులకి ఉబ్బి మీట బిగుసుకుపోవడం మీరందరూ చూసిందే. పీటీఎఫ్‌ఈ అనే తెల్లటి వాషర్లుంటే థిన్నర్‌కి ఏం కావు. సూది తీయించి వెలుతురుకు పెట్టి చూడండి, మొన వంగి ఉండకూడదు. వీలైతే నీళ్లు పోయించి కాగితం మీద ఒక సన్న గీత కొట్టించండి. చుక్కలు ఎగిరితే వద్దు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. "ఈ మోడల్‌కి నాజిల్, సూది విడిగా ఉన్నయ్యా, ఎంత?" అని. షాపువాడు నీళ్లు నమిలితే అక్కడే ఆగిపోండి. పంపు కొనేటప్పుడు పార్టులు మండలంలో దొరుకుతయ్యా అని అడక్కుండా కొంటామా మనం? జపాను వాళ్ల ఇవాటా, జర్మనీ వాళ్ల హార్డర్ అండ్ స్టీన్‌బెక్, అమెరికా వాళ్ల బ్యాడ్జర్, పాష్ అనే పేర్లు వాడు చెప్పాడు. వీటన్నిటికీ పార్టులు విడిగా అమ్ముతారట. పైకి అచ్చం అట్లాగే కనపడే కాపీలు చవగ్గా దొరుకుతయ్. అవి అసలు పనికిరావని నేననను. ప్రైమర్ కొట్టుకోవడానికి మా పాతదాని లాంటిది ఇంకోటి ఉన్నా సరిపోయేది. ఒకరి నాన్న బండికి ఆఖరి రంగు మాత్రం దానితో కొట్టకూడదు.

చివరికి మేం తీసుకుంది స్పార్‌మాక్స్ అని, 0.3 సైజు. ఏ దేశం కంపెనీరా అంటే తైవాన్ అన్నాడు. మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం, ఆఖరికి తైవాన్ స్ప్రేయరే కొన్నావు కదరా అని.

కంప్రెసర్ సంగతి మర్చిపోవద్దు. మంచి గన్ కొని చెత్త కంప్రెసర్ తగిలిస్తే లాభం లేదు. ట్యాంకు లేనిది గాలి కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఇస్తుంది, రంగు అలలు అలలుగా పడుతుంది. మూడు లీటర్ల ట్యాంకు ఉన్నది తీసుకున్నాం. గాలి తగ్గించి పెంచుకునే రెగ్యులేటరు, గాలిలో తేమ పట్టే గాజుబుడ్డి దానికే ఉన్నయ్. వానాకాలంలో ఆ బుడ్డిలో చేరిన నీళ్లు చూస్తే ఆశ్చర్యమేసింది, అవన్నీ బండి మీద పడేవే. గాలి 15 నుంచి 20 పాయింట్లు చాలు, బైకు టైరుకి కొట్టించే దానికన్నా తక్కువ. రంగు వెన్న తీసిన పాలలాగా పల్చగా కలపాలి. చిక్కగా ఉంటే ఎంత ఖరీదు గన్నైనా పూడుకుంటుంది.

డబ్బుల మాటకొస్తే, కొత్త పంపు కోసం మిర్చి డబ్బుల్లో తీసి పెట్టినయ్యే ఇచ్చా. నా పాత పంపుకి కార్బొరేటరు బాగు చేయించుకుని వాడుతున్నా. కొంచెం పొగొస్తుంది, పని నడుస్తుంది.

ఇంకో సంగతి. గన్ వచ్చిన వారానికి ఒకరోజు నేను చేలో నుంచి వచ్చేసరికి వాడు గది తలుపులేసుకుని థిన్నర్ రంగు కొడుతున్నాడు. ముక్కుకి జేబురుమాలు. తల తిరుగుతుందని మంచం పట్టుకుని కూర్చున్నాడు. నాకు పాతికేళ్ల కిందటిది గుర్తొచ్చింది. పత్తి చేలో గాలికి ఎదురు మందు కొట్టి, మొహానికి తువ్వాలు చుట్టుకున్నాగా ఏం కాదులే అనుకుని, సాలు మధ్యలో పడిపోయా. మా ఆవిడ ఆటోలో తీసుకుపోయింది. డాక్టరు అట్రోపిన్ ఇంజెక్షన్లు మీద ఇంజెక్షన్లు చేస్తే బతికా. గుడ్డ ఆవిరిని ఆపదు. మందుకీ ఆపదు, థిన్నర్‌కీ ఆపదు. పెయింటర్లు పెట్టుకునే కార్ట్రిడ్జ్ మాస్కు కొనిచ్చా. కిటికీకి బయటికి లాగే ఫ్యాను పెట్టించా. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులకి అంత వాసన ఉండదు, చాలావరకు ఇప్పుడు అవే వాడుతున్నాడు. వాటికైనా మాస్కు పెట్టుకునే కొట్టమన్నా. ఎయిర్‌బ్రష్‌కి పెట్టే ఇరవై వేలలో మాస్కు లెక్క కూడా వేసుకోండి. మీకు కూడా ఒకటి కొనుక్కోండి, నేను కొనుక్కున్నా.

పోయిన వారం వాడు ఎర్ర మ్యాసీ మళ్లీ మొదటి నుంచి చేశాడు. ఎవరూ అడగలా. నిన్న సాయంత్రం ఆఖరి పూత అయింది. లైటు కింద పెట్టి చూడు నాన్నా అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశా. గ్రిల్లు సందులు సందుల్లాగే ఉన్నయ్, సొట్ట సొట్టలాగే ఉంది, దాని అంచున రంగు వెలిసినట్టు కూడా కొట్టాడు. ఎండలో ఇరవై ఏళ్లు నిలబడ్డ బండిలాగా ఉంది. నేను బల్ల మీదున్న గన్ పక్కకు జరుపుదామని చెయ్యి చాపా.

"దాన్ని మాత్రం ముట్టుకోకు నాన్నా" అన్నాడు.

రేపు పొద్దున బస్సుకి పార్సిల్ వేస్తున్నాం. ఆ అబ్బాయికి ఇంకా చెప్పలా.