ఒకే పేరు గల రెండు ఊళ్లు

మా డోంగ్లి సంఘములో గల్ఫుకు కొడుకులను పంపిన ఇండ్లు కొన్ని ఉన్నాయి. 2025 నవంబరు 7న దిల్లీలో 800కు పైగా విమానాలు ఆలస్యమైనవని టీవీలో విని, ఒక తల్లి కంగారుగా మా ఇంటికి వచ్చినది. ఆ వారమే ఆమె కొడుకు దిల్లీలో విమానము మారి పోవలసి యున్నాడు. "అయ్యగారూ, వాన లేదు, గాలి లేదు, మరి ఎందుకు ఆపినారు?"

ప్రియ పాఠకులారా, అది మంచి ప్రశ్న. విమానము లేచుటకు ముందు ఏ దారిన, ఎంత ఎత్తున, ఏ వేళకు పోవునో తెలుపు ఫ్లైట్ ప్లాన్ కంట్రోలర్ల యొద్దకు చేరవలెను. దానిని చేరవేయు కంప్యూటరు వ్యవస్థ దిల్లీలో 6వ తేదీన చెడిపోయినది. కంట్రోలర్లు ఆ పనిని చేతితో చేసినారు. చేతిపని నమ్మకమైనదే గాని, అంత పెద్ద విమానాశ్రయములో వేగము చాలదు. మరునాటి రాత్రికి గాని సరికాలేదు.

ఇంతకన్న వింత 2023 ఆగస్టు 28న బ్రిటనులో జరిగినది. లాస్ ఏంజెలెస్ నుండి పారిస్ పోవు ఒక విమానపు ప్లాన్‌లో డి.వి.ఎల్. అను గుర్తు రెండుమార్లు ఉన్నది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, రెండవది ఫ్రాన్సులోని డోవిల్. మన దేశములో రాంపూర్‌లు ఎన్ని లేవు! మండలము, జిల్లా వ్రాస్తే ఉత్తరము సరిగానే చేరుతుంది. ఆ కంప్యూటరు మాత్రము, విమానము బ్రిటను దాటిన తరువాతి గుర్తును వెదకుచు అమెరికా డి.వి.ఎల్.ను పట్టుకొన్నది. లోపలికి రాకముందే బయటికి పోయినట్టు లెక్క తేలగా, తప్పు దారి చెప్పక ఆగిపోయినది.

అంతవరకు మేము దానిని తప్పుపట్టము. అయితే తోడుగా ఉంచిన రెండవ కంప్యూటరు కూడ అదే ప్లాన్ అందుకొని అదే చోట ఆగినది. ఇదంతా 20 సెకన్ల లోపే. ఒకే నోట్సు చదివిన ఇద్దరు ఒకే తప్పు వ్రాయుట మా డిప్లమా తరగతిలోనూ చూచినాము. ఆ రోజు సెలవు. ఇంజనీరు ఇంటి నుండి సరిచేయలేక ఆఫీసుకు చేరుటకు గంటన్నర పట్టినది. 4 గంటలకు సరిపడు ప్లాన్లు ముందే చేరియున్నందున కంట్రోలర్లకు కొంత వ్యవధి దొరికినది గాని, 7 లక్షలకు పైగా ప్రయాణికులు ఇబ్బంది పడినారు.

ఇప్పుడు గల్ఫుకు పోవు మా బిడ్డల జేబులో టికెట్టుతో పాటు, పనికి పిలిచినవారి ఫోను నంబరు కూడ కాగితము మీద వ్రాసి పెట్టుచున్నాము. చేరవలసిన తేదీ తప్పినప్పుడు మొదట ఫోను చేయవలసినది వారికే.