పాత కారు, కొత్త గ్యాసు

మా నాయన 1993లో కొన్న మారుతి 800 ఇప్పటికీ తిరుచానూరులో మా ఇంటి ముందరి వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. రంగు వెలిసింది, తలుపుల రబ్బర్లు బిరుసెక్కాయి. మూడు సిలిండర్ల ఇంజను మాత్రం పొద్దున్నే మొదటి తిప్పుకే పలుకుతుంది. కొత్త కారు కొనుక్కోరాదా అని మీరు అడగబోతున్నారని తెలుసు. అడిగినవారందరికీ నాయన ఇచ్చే జవాబు ఒక్కటే: "ఇది కొండకు ఎన్నిమార్లు పొయ్యొచ్చిందో నీకు తెలుసునా?" ఆ ప్రశ్నకు తిరిగి మాట్లాడగలిగిన వాడు మా వీధిలో ఇంతవరకూ పుట్టలేదు.

ఆ కారులో ఏసీ ఉంది. కొన్ననాడు వీధంతా వచ్చి దానిముందు చెయ్యిపెట్టి చూసింది. కొండ ఎక్కేటప్పుడు మాత్రం నాయన దాన్ని ఆపేసేవాడు. ఎనిమిదివందల సీసీ ఇంజను నలుగురు మనుషులనూ, కంప్రెసరునూ కలిపి మొయ్యలేదు కదా! దిగేటప్పుడు వేసేవాడు. అందుకేనేమో, చిన్నప్పుడు నాకు దిగుదారి మలుపులే ఎక్కువ ఇష్టంగా ఉండేవి.

మొన్నటి వేసవిలో అది చల్లగాలి ఇవ్వడం మానేసింది. మామూలుగానైతే కిటికీలు దించుకుని సర్దుకుపోయేవాళ్ళం. కాని ఇప్పుడు అమ్మకు గుండెజబ్బు. నెలకు రెండుమార్లు స్విమ్స్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎండదెబ్బ తగలనివ్వవద్దని వైద్యులు గట్టిగా చెప్పారు. మే నెలలో మా తిరుపతి ఎండ ఎలాంటిదో చవిచూసినవారికి వివరించనక్కరలేదు. నలభైరెండు డిగ్రీలు మాకు వార్త కాదు. ఒక మధ్యాహ్నం రామానుజ సర్కిల్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుపోయి, అమ్మకు కళ్ళు తిరిగి సీటులోనే ఒరిగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చాక నాయన రాత్రి అన్నం ముట్టలేదు.

మరునాడే మెకానిక్కును పిలిచాను. నాయన దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేసిపెడుతున్న మనిషి. పైపుల కీళ్ళ దగ్గర సబ్బునురుగు పూసి చూసి, తేల్చాడు.

"ఓరింగు పొయ్యుండాది సార్. గ్యాసు కొంచెం కొంచెంగా కారిపోతా ఉండాది. రింగు మార్చేది పెద్ద పని కాదు. అయితే దీన్లో ఉండేది పాత గ్యాసు. అది ఇప్పుడు యాడా దొరకదు."

(దీన్ని శీతలకం అనాలి కాబోలు. ఆ మాట అంటే మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు గనుక నేనూ గ్యాసు అనే అంటాను.)

ఆ పాత గ్యాసు పేరు ఆర్-12. దాని కథ కాస్త చెప్పుకోవాలి. పూర్వం ఫ్రిజ్జుల్లో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటివి వాడేవారు. అవి కారితే ఇంట్లోవాళ్ళ ప్రాణాలకే ముప్పు. 1920ల చివర అమెరికాలో థామస్ మిడ్జ్లీ అనే ఇంజనీరు, సహచరులతో కలిసి మంటలేని, విషంకాని ఈ పదార్థాన్ని శీతలకంగా ముందుకు తెచ్చాడు. 1930లో రసాయన శాస్త్రజ్ఞుల సభలో దాన్ని నిండుగా పీల్చి, ఆ ఊపిరితోనే వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పి చూపించాడు. విషమూ కాదు, మండదూ అని ఒక్క ఊదుతో రుజువు చేసినట్టు! పెట్రోలులో సీసం కలిపించినవాడూ ఈయనే. ఒకే మనిషి చేతిమీదుగా ఇంత మేలూ ఇంత కీడూ జరగడం గురించి వేరే రాయాలి, ఇక్కడ కాదు.

మండని, విరగని గుణమే దానికి శాపమైంది. నేలమీద ఏదీ దాన్ని విరగ్గొట్టలేదు కాబట్టి వందేళ్ళ పాటు గాలిలోనే తిరిగి, స్ట్రాటోస్ఫియరుకు ఎగబాకి, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరినును విడుస్తుంది. ఆ క్లోరిను ఓజోనును తింటుంది. ఈ సంగతి 1974లో రోలాండ్, మొలీనా చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను ఎంత పలచబడిందో బ్రిటిషు పరిశోధకులు చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మనదేశం 1992లో అందులో చేరింది. అంటే నాయన కారు కొనడానికి ఒక ఏడాది ముందే దాని గ్యాసుకు మరణశాసనం మీద మన సంతకం పడిందన్నమాట! 2003 నుంచి కొత్త యంత్రాల్లో వాడకూడదన్నారు. 2008 ఆగస్టు నుంచి, ఆస్తమా రోగుల పీల్పుమందులకు తప్ప, తయారీ కూడా నిలిపివేశారు.

ఇంతకీ నా ముందున్న సమస్య: ఏది నింపాలి?

ఆర్-12 అని చీటీ అంటించిన డబ్బాలు ఎక్కడో ఒకచోట తెప్పిస్తామనే వాళ్ళు ఉన్నారు. లోపల ఏముందో దేవుడికే ఎరుక. ఆర్-22 నింపేద్దామన్నవాడు ఇంకొకడు. అది ఇళ్ళ ఏసీల్లో వాడిన గ్యాసు. దాని పీడనానికి మా కారు గొట్టాలు నిలవవు. అతనితో వాదించకుండా నమస్కారం పెట్టి వచ్చాను.

మా మెకానిక్కు సూచించింది మూడోది. "ఆయిలు మార్చే పన్లేదు, కంప్రెసరు ఇప్పే పన్లేదు. ఈ గ్యాసు వేస్తే ముందరికంటే చల్లగా ఉంటాది సార్, ఖర్చూ తక్కువే." అది ప్రొపేను, ఐసోబ్యూటేను కలిపిన మిశ్రమం. ఇంచుమించు మన వంటగ్యాసుకు తోబుట్టువు. అతను అబద్ధం చెప్పలేదు. పాత ఖనిజతైలంతో అది చక్కగా కలుస్తుంది, పీడనం తక్కువ, పాత గ్యాసు బరువులో మూడోవంతుకు కాస్త అటూఇటూగా నింపితే చాలు. ఓజోనుకు హాని లేదు, భూతాపమూ దాదాపు లేదు. మా ఇంట్లోని కొత్త ఫ్రిజ్జులో ఉన్నది ఐసోబ్యూటేనే. నిజం చెప్పాలంటే నేను సగం ఒప్పుకున్నాను.

ఆ రాత్రి కాగితం మీద లెక్కవేశాను. కారు లోపలి చోటు రెండున్నర ఘనపుమీటర్లు అనుకుందాం. ఈ రకం గ్యాసు గాలిలో రెండు శాతానికి చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అంటే యాభై లీటర్లు. తూకంలో సుమారు వంద గ్రాములు. మా కారులో అంతకంటే ఎక్కువే నింపాలి. ఇంటి ఫ్రిజ్జులోనైతే కొన్ని పదుల గ్రాములు, గది నిండా గాలి. కారులోనో, చల్లబరిచే కాయిలు డ్యాష్‌బోర్డు వెనకే, మనుషుల మోకాళ్ళ ముందే ఉంటుంది. ముప్పై ఏళ్ళ నాటి కాయిలు. అది కారితే కారేది నేరుగా కారులోకే.

అయినా నిప్పెక్కడినుంచి వస్తుందిలే అనుకుంటూ పడుకున్నాను. తెల్లవారితే శుక్రవారం. నాయన స్నానంచేసి, కారు తలుపు తీసి, డ్యాష్‌బోర్డు మీది చిన్న అమ్మవారి పటానికి పువ్వు పెట్టి, అగరుబత్తి వెలిగించి పటం ముందున్న స్టాండులో గుచ్చాడు. ఆ పటానికి జానెడు కిందనే ఆ కాయిలు. ఆయన ఈ పని 1993 నుంచీ ప్రతి శుక్రవారమూ చేస్తున్నాడు. నేనే ఎన్నడూ చూసినట్టు చూడలేదు. అగరుబత్తి మానమని ఆయనకు చెప్పడం కంటే గ్యాసు మార్చుకోవడమే తేలిక అనిపించింది. మెకానిక్కుతో చెబితే మొదట నవ్వాడు. తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇట్లాంటి బండ్లు పదైనా చేసింటా సార్" అన్నాడు చివరికి.

కాబట్టి మిగిలింది ఆర్-134ఏ. క్లోరిను లేదు, మండదు, ఎక్కడైనా దొరుకుతుంది. భూతాపం విషయంలో మాత్రం మచ్చలేనిది కాదు: కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,430 రెట్లు. 2016 నాటి కిగాలీ సవరణ ప్రకారం దీన్నీ క్రమంగా తగ్గించాలి; మనదేశం 2021లో దానికి ఆమోదం తెలిపింది, 2028లో వాడకానికి కట్టుబాటు మొదలై 2032 నుంచి తగ్గింపులు. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దీన్ని నింపడం లేదు. దాని స్థానంలోకి వచ్చిన ఆర్-1234వైఎఫ్ కొంచెంగానైనా మండే స్వభావం కలది; నా అగరుబత్తి లెక్కలో అది కూడా పనికిరాలేదు, ధర సంగతి సరేసరి.

134ఏ కి మారడం డబ్బా తగిలించి నింపినంత సులువు కాదు. పాత ఖనిజతైలం దీనిలో కరగదు. తైలం కాయిలులోనే చిక్కుకుపోతే కంప్రెసరు ఎండిపోయి బిగుసుకుంటుంది. అందుకని కంప్రెసరు దించి, తలకిందులు చేసి తైలం కార్చి, ఎస్టరు తైలం పోయించాను. అక్కడక్కడ మిగిలిన పాత తైలాన్ని అది ఓర్చుకుంటుంది. తేమ పీల్చే డ్రయ్యరు కొత్తది. రింగులన్నీ కొత్తవి, ఆకుపచ్చవి. ఈ గ్యాసు అణువు చిన్నది గనుక పాత రబ్బరు గొట్టాలలోనుంచి ఒలికిపోతుందని గొట్టాలూ మార్పించాను. నింపే మూతుల అమరిక కూడా వేరు, ఒకటి మరొకదానితో పొరపాటున కలవకుండా.

అసలు చిక్కు ఎండతోనే. ఇరవై డిగ్రీల దగ్గర రెండు గ్యాసుల పీడనమూ ఒకటే. అరవై డిగ్రీలకు వచ్చేసరికి పాతది పదిహేను బార్లు, కొత్తది పదిహేడుకు దగ్గర. మా ఊరి మే నెలలో, ఆగి ఉన్న కారు కండెన్సరులో అరవై డిగ్రీలు వింత కాదు. అందువలన పాత బరువులో ఎనభైఅయిదు శాతమే నింపాలి. "ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం చల్లగా ఉంటాది కదా" అని నాయన. ఆయన్ను ఒప్పించడానికి మాంట్రియల్ ఒప్పందానికి పట్టినంత కాలం పట్టింది.

ఇదంతా ఒక ఎత్తు. పాత గ్యాసు ఖాళీచేసే రోజు ఒక ఎత్తు.

అంతా కారిపోలేదు, ఇంకా కొంత లోపల ఉంది. మెకానిక్కు అలవాటుగా స్క్రూడ్రైవరు తీసుకుని వాల్వు మీద ఆనించబోయాడు. ఆ 'స్స్' మనే చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ప్రతి వేసవి మొదట్లో ఎవరో ఒకరు అలా ఒదిలేసేవారు, మళ్ళీ నింపేవారు. నేను చల్లటి ఆ తుంపర కింద వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. ఆర్-12 భూతాపశక్తి కార్బన్ డయాక్సైడుకు 10,900 రెట్లు. అరకిలో వదిలితే అయిదున్నర టన్నులకు సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలనుకుంటే, ఇదే కారు ముప్పైఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగినంత! మేము తిరుమల కొండకు ఎక్కిదిగిన పొగ మొత్తం కంటే, నేను వేలు పెట్టి ఆడుకున్న ఆ తుంపరే ఎక్కువేమో. ఓజోను లెక్క దీనికి అదనం.

"ఆగన్నా" అన్నాను. "ఇంతే కదా సార్, ఇదెంత?" అన్నాడతను. నిజమే, ఇదెంత. కాని చేతులారా వదలబుద్ధి కాలేదు. పాత ఫ్రిజ్జులు బాగుచేసే ఒక పెద్దాయన రేణిగుంట రోడ్డులో ఉన్నాడని అతనే గుర్తుచేసుకుని చెప్పాడు. సీఎఫ్‌సీల నిర్మూలన ప్రణాళిక నడిచిన రోజుల్లో ప్రభుత్వ శిక్షణకు పోయివచ్చిన మనిషి. గ్యాసును వెనక్కి లాగే యంత్రం ఆయన దగ్గర గోనెపట్టా కింద ఉంది, పనిచేస్తూనే ఉంది. తన బండిలో వేసుకుని వచ్చి సిలిండరులోకి లాగి తూచాడు: నూటఎనభై గ్రాములు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. "నాకే లాభం సామీ. ఇట్లాంటి గ్యాసు పోసే ఫ్రిజ్జులు ఇంకా రెండు మూడు నా చేతికింద ఉండాయి."

తరువాత ముప్పావుగంట వాక్యూమ్ పట్టి, అరగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూసి, తూకం మీద పెట్టి కొత్త గ్యాసు నింపాము. మొత్తం ఖర్చు పదకొండువేల పైచిలుకు. మిశ్రమమైతే దీనిలో పావు వంతుకే అయిపోయేది.

ఫలితం చెప్పాలి గదా. కదులుతున్నప్పుడు బాగుంది. ఆగినప్పుడు మునుపటంత చల్లదనం లేదు. రామానుజ సర్కిల్ దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే గాలి వెచ్చబడుతుంది. కండెన్సరు ముందర ఇంకొక ఫ్యాను పెట్టించాలి. పంచమీతీర్థానికి జనం విరగబడేలోపు ఆ పని చేయిస్తానని నాయనకు మాటిచ్చాను. అమ్మను మాత్రం రెండుసార్లు మధ్యాహ్నపు ఎండలోనే తీసుకుపోయి తీసుకొచ్చాము. రెండోసారి దారిలో నిద్రపోయింది.

బానెట్టు కింద ఒక చీటీ అంటించాను: గ్యాసు పేరు, గ్రాములు, తైలం రకం, తేదీ. రేపు ఎవరైనా తెలియక ఇంకొకటి కలపకుండా. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివి, "ఎండకు సిరా పోతాదిరా, పెయింటుతో రాయి" అన్నాడు.