సంచుల దగ్గర మనిషి

హైదరాబాద్‌లో మాలాంటి ఇళ్లకు జనవరి అంటే నుమాయిష్. 1వ తారీఖున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గేట్లు తెరుచుకుంటాయి. మామూలుగా ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు నడుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినా వెళ్లకపోయినా, ఆ 46 రోజుల్లో ఒక్క సాయంత్రమైనా అక్కడ దుమ్ములో తిరిగి, మిర్చి బజ్జీ తిని రాకపోతే చలికాలం లెక్కలోకి రాదు.

1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు, సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించడానికి డబ్బు కావాలని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన ఇది. 1946లో ఇప్పుడున్న చోటికి మారింది. మధ్యలో ఆగి, 1949లో అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా మళ్లీ మొదలైంది. అంత పొడుగు పేరుతో దాన్ని పిలిచే మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా బాపుకి అది ఎగ్జిబిషన్, పక్కింటి ఖాలాకి నుమాయిష్. మేం పిల్లలం రెండూ అనేవాళ్లం.

అక్కడ కొనేవాటి గురించి, తినేవాటి గురించి అందరూ రాస్తారు. కశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, డ్రై ఫ్రూట్స్, పింగాణీ జాడీలు, మౌత్ కా కువాలో గోడ మీద గుండ్రంగా తిరిగే మోటార్ సైకిళ్లు. నాకు మాత్రం నుమాయిష్ అనగానే ముందు గుర్తొచ్చేది ఒక చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు గట్టు. దాని మీద మా సంచులు, సంచుల పక్కన మా ఇంటి మనిషి ఒకరు.

ఐదుగురం వెళ్లేవాళ్లం. నానమ్మ, అమ్మ, బాపు, నేను, తమ్ముడు. మలక్‌పేటలో సిటీ బస్సు ఎక్కేటప్పటికే మూడు సంచులుండేవి. ఒకదాంట్లో పులిహోర ఉన్న స్టీలు డబ్బా, ఇంకోదాంట్లో నీళ్ల సీసాలు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి. మూడోది స్వెట్టర్లది. రాత్రి తిరిగొచ్చేటప్పుడు చలి పెడుతుంది కదా. లోపలికెళ్లిన గంటకి మూడు కాస్తా ఐదయ్యేవి. ప్లాస్టిక్ డబ్బాల సెట్టు ఒకటి, తమ్ముడి బ్యాటు ఒకటి. ఇంకో గంటకి ఏడు. ఏడు సంచులతో జెయింట్ వీల్ ఎక్కలేం. పిల్లల చేతులు పట్టుకుని ఆ గుంపులో నడవలేం. కాబట్టి ఎవరో ఒకరు కూర్చోవాలి.

మొదట్లో నానమ్మ కూర్చునేది. ఆమెకి మోకాళ్ల నొప్పులు, అందులో ఎవరికీ ఏమీ తోచలేదు. నానమ్మ పోయిన తర్వాతి జనవరి ఆ గట్టు మీద అమ్మ కూర్చుంది. అప్పుడామెకు ముప్పై ఆరేళ్లు. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఎవరూ కూర్చోమని గట్టిగా అనలేదు. "నువ్వు ఈడనే ఉండు, మేం పిల్లలను తిప్పుకొస్తం" అన్నాడు బాపు. అమ్మ సంచులు దగ్గరికి జరుపుకుంది. అంతే. ఉద్యోగంలో ఒకరు రిటైరైతే తర్వాతివాళ్లు ఆ కుర్చీలోకి వెళ్లినట్టు జరిగిపోయింది.

ఆ పనికి అప్పట్లో ఒక గౌరవం ఉండేదన్నది కూడా నిజం. నుమాయిష్ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉండేవాళ్లు. ఎర్ర ఫ్రాకు, నాలుగేళ్లు, ఏడుస్తోంది, తల్లిదండ్రులు ఎక్కడున్నా రావాలి. ఆ గొంతు వింటే మా ఇద్దరికీ కడుపులో ఏదో అయ్యేది. అందుకే గేటు దాటగానే బాపు ఒక్క మాట చెప్పేవాడు: "ఎవరు తప్పినా అమ్మ దగ్గరికి రావాలె." సెల్‌ఫోన్లు లేని కాలంలో అంత గుంపులో కదలని మనిషి ఒకరు కావాలి. అమ్మ కూర్చున్న చోటే మాకు అడ్రసు. మా తమ్ముడు ఒకసారి నిజంగానే తప్పిపోయి, అటూ ఇటూ చూడకుండా తిన్నగా ఆ గట్టు దగ్గరికి నడిచొచ్చాడు. అమ్మ వాడికి పులిహోర పెట్టింది. మేం వెతికి వెతికి వచ్చేసరికి వాడు రెండోసారి పెట్టించుకుంటున్నాడు.

నుమాయిష్ ఒక్కటే కాదు, ఎక్కడికెళ్లినా అదే ఏర్పాటు. జూ పార్క్‌లో చెట్టు కింద దుప్పటి పరిచాక అమ్మ అక్కడ ఉండేది, మేం పులుల దగ్గరికి పోయేవాళ్లం. నిమజ్జనం నాడు ఖైరతాబాద్ గణపతిని చూద్దామని వెళ్తే, మేం గుంపులోకి చొరబడ్డప్పుడు అమ్మ వెనకాల ఫుట్‌పాత్ మీద చెప్పులు, సంచులు పెట్టుకుని నిలబడేది. మా ఇంటి ఫొటో ఆల్బంలో ఈ షికార్ల ఫొటోలు చాలా ఉన్నాయి. ఏనుగు ముందు మేం ముగ్గురం. బుద్ధుడి విగ్రహం కనిపించేలా మేం ముగ్గురం. ఫొటో తీసింది దారిన పోయేవాళ్లు.

రెండే చోట్ల లెక్క మారేది.

ఒకటి సాలార్ జంగ్ మ్యూజియం. అక్కడ సంచులు లోపలికి తేనివ్వరు. కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకోవాలి. ఆ టోకెన్ బాపు జేబులో పడగానే అమ్మ చేతులు ఖాళీ. ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియక మొదట కొంగు పట్టుకునేది, తర్వాత వెనక్కి కట్టుకుని నడిచేది. మేమంతా గంట కొట్టే బొమ్మ కోసం ఆ పెద్ద గడియారం ముందు చోటు పట్టుకుని కూర్చుంటే, అమ్మ ముసుగు రెబెక్కా ముందు నిలబడిపోయింది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముఖమూ రాయే, ముఖం మీది పల్చటి ముసుగూ రాయే. "గింత పల్చటి కొంగు రాయిల ఎట్ల వచ్చిందే?" అని నన్నడిగింది. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి మళ్లీ అదే అడిగింది. ఎక్కడికి పోదామని ఎప్పుడడిగినా మా అమ్మ మ్యూజియం అనేది. ఆమెకు బొమ్మలంటే ఇష్టమని బాపు అనుకునేవాడు. అదీ నిజమే కావచ్చు. టోకెన్ సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండోది బతుకమ్మ. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే మగవాళ్లకి అక్కడ పనేమీ ఉండదు. మా కాలనీ గ్రౌండులో బాపు సత్తుపిండి డబ్బాలున్న సంచి పట్టుకుని, కాళ్ల దగ్గర మా చెప్పులు పెట్టుకుని ఒక పక్కన నిలబడేవాడు. పది నిమిషాలకోసారి వాచీ చూసుకునేవాడు. చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగుతున్న అమ్మ మాత్రం వాచీ వైపు చూసిన గుర్తు లేదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఇంకోటి జరిగింది. నుమాయిష్‌లో ఒక రోజు ఆడవాళ్లకే. లేడీస్ డే అంటారు. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ ఏడు పక్కింటి ఖాలా, ఎదురింటి టీచరమ్మ, అమ్మ ముగ్గురూ కలిసి వెళ్లారు. నాకు మర్నాడు పరీక్ష, నేను పోలేదు. అమ్మ చిన్న పర్సు ఒకటి తీసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లింది. పులిహోర లేదు, నీళ్ల సీసా లేదు. బాపు గుమ్మందాకా వచ్చి, "సంచి తీస్కపోవా?" అని అడిగాడు. "ఎందుకు?" అంది అమ్మ.

రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది.

"ఏం కొన్నవమ్మా?"

"ఏం కొనలే. చేతులు ఊపుకుంట పోయిన, చేతులు ఊపుకుంట వచ్చిన."

"మరి ఇంతసేపు ఏం జేసిన్రు?"

"తిరిగినం. జెయింట్ వీల్ ఎక్కిన."

"భయం కాలేదా?"

"అయింది. రెండుసార్లు ఎక్కిన."

పదేళ్లకు పైగా ఏటా వెళ్తున్న చోటు గురించి అమ్మ ఆ రాత్రి కొత్త ఊరు చూసొచ్చినట్టు చెప్పింది. జైళ్లలో ఖైదీలు చేసిన వస్తువుల స్టాలు ఉందట, పిల్లల రైలు ఎంత దూరం పోతుందో తెలుసా అంది. పై నుంచి చూస్తే లైట్లు ఎట్లుంటయో చేతులతో చూపించింది. బాపు అన్నం తింటూ విన్నాడు. "మంచిగయింది" అన్నాడు. తర్వాతి ఆదివారం అందరం కలిసి వెళ్లాం. అమ్మ మళ్లీ గట్టు మీదే కూర్చుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ చోటు నా దాకా వచ్చింది.

2018లో మా వైపు మెట్రో నడిచాక మలక్‌పేట నుంచి నుమాయిష్ మూడో స్టేషన్. గాంధీభవన్‌లో దిగితే గేటు ఎదురుగానే. 2021లో కోవిడ్ వల్ల నుమాయిష్ జరగనేలేదు. ఆ తర్వాత మేం వెళ్లినప్పుడు మా పాపకి మూడేళ్లు. డైపర్లు, పాలసీసా, మార్చే బట్టలు, స్ట్రోలర్. మా చిన్నప్పటి ఏడు సంచులు ఏపాటివి! చెట్టు దగ్గరికి రాగానే మా ఆయన చాలా మామూలుగా, ప్రేమగానే అన్నాడు: "నువ్వు కాసేపు కూర్చో, నేను పాపని తిప్పుకొస్త."

అందులో తప్పుపట్టడానికి ఏముంది? నేను నిజంగా అలసిపోయే ఉన్నాను. అక్కడే చిక్కు. కాళ్లు నొప్పి పుట్టి కూర్చోవడానికీ, ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి కూర్చోవడానికీ బయటి నుంచి చూస్తే తేడా కనపడదు. కొన్నేళ్లకి కూర్చున్న మనిషికి కూడా కనపడదు. పైగా మా అమ్మకి ఉన్న ఆ పాత గౌరవం కూడా ఇప్పుడా గట్టుకి లేదు. తప్పిపోతే ఫోన్ చేస్తారు, లొకేషన్ పంపిస్తారు. అడ్రసు పని పోయి సంచుల పని ఒక్కటే మిగిలింది.

"అరగంట నేను, అరగంట నువ్వు" అన్నాను. మా ఆయన ఒక్క క్షణం నన్ను చూసి ఫోన్లో అలారం పెట్టాడు. పక్కనే ఉన్న అమ్మకి ఇది నచ్చలేదు. "వంతులేంది బిడ్డా, ఆఫీసా ఇది? నేను కూర్చుంట తియ్. మీరు పోండ్రి." ఇప్పుడామెకు నిజంగానే మోకాళ్ల నొప్పులు. నానమ్మకున్నట్టే. కాదనడానికి నా దగ్గర మాట లేదు. అప్పుడు బాపు, "నేనుంట" అన్నాడు. ఎందుకన్నాడో చెప్పలేదు. మేమూ అడగలేదు.

మేం పది స్టాళ్లు దాటకముందే మొదటి ఫోన్. "ఎక్కడున్నరు?" ఇంకో ఐదు నిమిషాలకి రెండోది. "ఇంకెంతసేపు?" మూడోసారి ఫోన్ మోగినప్పుడు అమ్మ నా చేతిలోంచి తీసుకుని, "పల్లీలు కొనుక్కోని తిను, వస్తం" అని పెట్టేసింది. నడక నెమ్మదే. అయినా గాజుల వరస మొత్తం చూసింది, పాపకి పీచు మిఠాయి కొనిచ్చింది, జెయింట్ వీల్ కింద తలెత్తి కాసేపు నిలబడింది. "ఎక్కుతవా?" అంటే, "నాకు తెలుసు తియ్, ఎట్లుంటదో" అంది.

ఆ తర్వాత ఏటా వంతులు నడుస్తున్నాయి. ఒక్కోసారి అలారం మోగదు, ఒక్కోసారి మోగినా ఎవరూ వినరు. గొడవలవుతాయి. కిందటిసారి బాపు వంతు. మేం గంట దాటాక వచ్చాం. ఫోన్ ఒక్కసారి కూడా రాలేదు. ఏమైందోనని గబగబా వచ్చేసరికి బాపు గట్టు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మా సంచులు నాలుగు. వాటి పక్కన ఇంకో మూడు. అందులో ఒకదాంట్లోంచి స్టీలు డబ్బా మూత కనపడుతోంది.

"ఎవరివి బాపూ ఇవి?"

"తెల్వది. ఎవరో అమ్మ, మీ అమ్మంత ఉంటది. ఒక్కతే కూర్చోనుండె. జర చూస్తరా అన్నది. పోయి చూసిరామ్మా అన్న."

"ఎటు పోయింది?"

బాపు జెయింట్ వీల్ వైపు చెయ్యి చూపించాడు. మా ఆయన టైము చూసుకున్నాడు, మెట్రో రష్ పెరుగుతుందన్నాడు. అమ్మ ఏమీ అనకుండా ఆ మూడు సంచుల్ని కొంచెం లోపలికి జరిపి, బాపు పక్కన కూర్చుంది. ఆమె తిరిగొచ్చేదాకా ఉన్నాం.