రోహితునికి ఇంద్రుడు చెప్పిన మాట

సీతాఫల్‌మండిలో రైలుపట్టాల చేరువన నివసించే ఒక గృహస్థు రైల్వే కొలువు నుండి విశ్రాంతి పొందిన సంవత్సరమే శ్రీశైలానికి పాదయాత్ర చేయాలని సంకల్పించారు. శివరాత్రి జనసమ్మర్దంలో కాక, సంక్రాంతి వెళ్ళిన తరువాత మాఘస్నానాలు ఆరంభమయ్యే వేళ, ఏకాంతంగా. గ్రీష్మంలో ఆ దారి నడిచేవానికి దైవధ్యానం కన్న దాహమే అధికంగా ఉంటుంది గనుక శిశిరాన్ని ఎంచుకోవడం వివేకమే.

దూరం సుమారు 210 కిలోమీటర్లు. దినానికి 20 చొప్పున 11 దినాలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రలో మజిలీ మజిలీకీ నీటివసతి, దుకాణాలు, బస మొదలైనవి రాసిపెట్టుకున్నట్లే ఈయన కూడా ఒక నోటుపుస్తకం తెరిచారు. (వీరాస్వామయ్యగారు పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్ళారన్నది వేరే మాట.) చాంద్రాయణగుట్ట, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి. అచ్చంపేట వద్ద దారి వదలి ఉమామహేశ్వర దర్శనం. శ్రీశైలానికి ఉత్తరద్వారమైన ఆ క్షేత్రాన్ని దాటుకొని పోవడం ఉచితం కాదు. తరువాత మన్ననూరు. అక్కడి నుండి దోమలపెంట వరకు నల్లమల అరణ్యం, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు మన్ననూరు చెక్‌పోస్టు వద్ద వాహనాలనే నిలిపివేస్తారు. ఒంటరి పాదచారి మాట చెప్పనక్కరలేదు. అటవీశాఖవారి అనుమతి, నడిచే తోడు, వటవర్లపల్లిలో రాత్రి బస అని మూడు పంక్తులు రాసి, వాటి కింద ఎర్రసిరాతో గీత గీశారు. జనవరిలో సూర్యోదయమే ఏడింటికి కొద్దిగా ముందు, అస్తమయం ఆరింటికి. కనుక నడకకు దొరికేది పదకొండు గంటలు, అందులో సంధ్యావందనానికి, వంటకు, విశ్రాంతికి పోగా ఆరేడు. పాదరక్షలు లేకుండా నడవాలన్న కోరికను మాత్రం రెండవ దినపు అభ్యాసంలోనే కాలి బొబ్బలు మాన్పించాయి.

పుస్తకంలో లేనిది ఒక్కటే. ఎనభైనాలుగేళ్ళ తల్లి ఆ ఇంటి వెనుక గదిలో శయ్యాగతులై ఉన్నారు. ఆ 11 రాత్రులు ఆమెను ఎవరు చూడాలన్నది ఎక్కడా రాయలేదు. భార్య ఇంట్లోనే ఉంటారు కదా అనుకున్నారు, అడగలేదు. పుస్తకం చూపించినప్పుడు ఆమె అన్నీ చదివి, "పగలు ఎలాగో చూసుకుంటానండీ. రాత్రి అత్తయ్యగారిని నేనొక్కదాన్నే లేపి కూర్చోబెట్టలేను. నా మోకాళ్ళ సంగతి మీకు తెలియనిదా?" అన్నారు. ఆయన బదులు చెప్పక గోడవైపు చూశారు. అక్కడి క్యాలెండరు మీద ఐతరేయ బ్రాహ్మణంలోని ప్రసిద్ధోపదేశం అచ్చువేసి ఉంది: ఆగక సంచరించమని ఇంద్రుడు చెప్పిన మాట. ఆయన సంకల్పానికి మూలం అదే.

ఆ వాక్యాన్ని ఉదాహరించేవారు అనేకులు, దాని కథను చదివినవారు అల్పులు. ఆ రాత్రి ఆయన గ్రంథం తీసి ఏడవ పంచికలోని హరిశ్చంద్రోపాఖ్యానాన్ని మొదటి నుండి చదివారు. వరుణునికి బలి కావలసిన రోహితుడు ధనుస్సు పట్టుకొని అరణ్యానికి వెళ్ళిపోతాడు. ఇక్కడ తండ్రిని వరుణుడు జలోదర వ్యాధితో పట్టుకుంటాడు. ఆ వార్త విని కుమారుడు అడవి నుండి ఊరివైపు బయలుదేరుతాడు. అప్పుడు ఎదురై, తిరుగు, ఇంకా తిరుగు అంటాడు ఇంద్రుడు. ఒక్కసారి కాదు, ఏటేటా ఐదు పర్యాయాలు. ప్రతి పర్యాయం రోహితుడు ఇంటికి తిరిగివస్తున్నవాడే. తండ్రి వ్యాధితో ఉండగా కొడుకును ఇల్లు చేరనివ్వని మాట అది. ఇంద్రుడు రోహితుని ప్రాణం కాపాడాడని సమర్థించవచ్చు. కాని ఆరవ ఏట నూరు గోవులకు కొనబడిన శునఃశేపుడు ఆ నడకకు మూల్యమయ్యాడని కూడా మరువరాదు. ఆ ఉపదేశాన్ని గోడకు తగిలించుకొనేవారు ఈ భాగాన్ని విడిచిపెట్టడం సులభం. ఆయన మాత్రం చాలాసేపు దీపం ఆర్పలేదు.

సంకల్పం విడవలేదు. వారానికి ఒక్క దినం, వేకువన బయలుదేరి, సాయంత్రానికి ఎంత దూరమైతే అంత నడిచి, అక్కడి నుండి ఆర్టీసీ బస్సులో రాత్రికి ఇల్లు చేరడం. మరుసటి వారం బస్సులో అదే చోటికి వెళ్ళి, అక్కడి నుండి ముందుకు. మార్గశిరంలో మొదలుపెడితే ఎనిమిది వారాలకు మన్ననూరు. ఖండఖండాలుగా చేసిన యాత్ర యాత్రే అవుతుందా అని బంధువులు సంశయించారు. సంకల్పంలో ప్రతివారూ ఉచ్చరించే "యథాశక్తి" అన్న పదం వారు విననిది కాదు. మహాభారత వనపర్వం కూడా తీర్థఫలాన్ని హస్తపాదాలు, మనస్సు వశంలో ఉన్నవానికే ఇస్తుంది గాని, ఏకధాటిగా నడిచినవానికని చెప్పదు.

మొదటి వారం చాంద్రాయణగుట్ట. నాల్గవ వారం మైసిగండి దాటారు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటేది. కాళ్ళు కడుక్కొని వెనుక గదిలోకి వెళ్ళి, భార్య ఒకవైపు, తాను ఒకవైపు పట్టి తల్లిని లేపి కూర్చోబెట్టేవారు.

"ఎక్కడిదాకా వెళ్ళావు నాయనా?"

"ఆమనగల్లు దగ్గరిదాకా అమ్మా."

"ఇంకా అడవి రాలేదా?"

అరణ్యంలోని రాత్రులు మాత్రం బస్సుతో తీరేవి కావు. ఆ మూడు రాత్రులకు ఆయన చెల్లెలు వరంగల్లు నుండి వస్తానన్నారు, మాఘంలో, పిల్లల పరీక్షలకు ముందైతేనే. పుస్తకంలో మన్ననూరు ఎదుట తేదీ ఇంకా రాయలేదు.