పోగు తెగినప్పుడు

సూరత్ నగరంలో లింబాయత్, ఉధనా ప్రాంతాల వీధులలో సాయంకాలం నడిచేవారికి నాలుగైదు భాషలు చెవిని పడతాయి. వాటిలో తెలుగు ఒకటి. తెలంగాణ జిల్లాల నుండి, విశేషించి నేత కులవృత్తిగా గల కుటుంబాల నుండి, దశాబ్దాల క్రితమే బతుకుదెరువు వెతుక్కుంటూ వెళ్ళినవారు అక్కడి మరమగ్గాల మధ్య స్థిరపడ్డారు. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు. బతుకమ్మ పండుగనాడు సూరత్ వీధులలో తంగేడు పూల కొరకు వెతుకులాట సాగుతుంది.

ఆ మగ్గాల చప్పుడులో పెరిగిన ఒక యువకుడు నేడు మగ్గం ముందు కాక కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. తండ్రి కరీంనగర్ జిల్లా పల్లె నుండి వచ్చి సాంచాలు నడిపినవాడు. కొడుకు పని కోడ్ వ్రాయడం కంటె, ఇతరులు వ్రాసిన కోడ్‌ను చదివి, ఇది చేర్చవచ్చునా చేర్చరాదా అని తేల్చడం. రింగ్ రోడ్డు మార్కెట్టులోని చీరల వర్తకులు లెక్కలు వ్రాసుకునే ప్రోగ్రాములకు, చెల్లింపుల సేవలకు మధ్య దుబాసి వంటి ఒక క్లయింట్ లైబ్రరీని ఆయన పనిచేసే చిన్న సంస్థ నిర్వహిస్తుంది.

దుబాసి అన్న మాట ఇక్కడ అలంకారం కొరకు వాడినది కాదు. వర్తకుని కంప్యూటరు, “ఈ బిల్లుకు డబ్బు ముట్టినదా?” అని అడుగుతుంది. అవతలి సేవ జేసన్ అనే రూపంలో జవాబు పంపుతుంది. ఈ శతాబ్దం ఆరంభంలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్ ప్రచారంలోకి తెచ్చిన రూపమది. ఎంత సరళమైనదంటే దాని వ్యాకరణమంతా ఒక చిన్న అట్టముక్క వెనుక వ్రాయవచ్చు. ఆ జవాబును విడదీసి, ఏది మొత్తమో, ఏది తేదీయో, ఏది స్థితియో గుర్తించడాన్ని పార్సింగ్ అంటారు. మన పండితులు పద్యానికి చేసే పదచ్ఛేదం, అన్వయం వంటిదే ఈ పని. పదం తప్పుగా విరిస్తే పద్యానికి విపరీతార్థం పుడుతుంది. ఇక్కడ విపరీతార్థం పుడితే ఒకరి సొమ్ము పోతుంది.

వ్యాకరణం సరళమైనంత మాత్రాన అర్థం సరళం కాదు. 500 అని వచ్చిన సంఖ్య రూపాయలా, పైసలా? ఒక గడి ఖాళీగా ఉండడం వేరు, ఆ గడియే లేకపోవడం వేరు, అందులో సున్న ఉండడం వేరు. సంఖ్యలలో కూడ గోతులున్నాయి. జావాస్క్రిప్ట్ భాషలోని సాధారణ సంఖ్యారూపం 9,00,71,99,25,47,40,992 దాటిన తరువాత ప్రతి పూర్ణాంకాన్నీ ఖచ్చితంగా నిలుపుకోలేదు. చివరి అంకె నిశ్శబ్దంగా మారిపోతుంది. 2010లో ట్విటర్ సంస్థ తన సందేశాల గుర్తింపు సంఖ్యలు అంత పెద్దవి కాబోతున్నాయని గ్రహించి, వాటిని అంకెలుగానే కాక అక్షరమాలగా కూడ పంపడం మొదలుపెట్టింది. 1999లో అంగారకుని చేరవలసిన అమెరికన్ వ్యోమనౌక నష్టమైనదీ ఇటువంటి కారణం చేతనే. ఒక ప్రోగ్రాము పౌండ్ల కొలతలో ఇచ్చిన అంకెను మరొక ప్రోగ్రాము న్యూటన్ల కొలతగా చదివింది. రెండింటిలో ఏదీ చెడిపోలేదు.

ఒకరు వ్రాసినదానిని మరొకరు చదవాలన్న నియమం కొత్తది కాదు. ఐ.బి.ఎం. సంస్థలో మైకేల్ ఫేగన్ ఈ పరిశీలనకు ఒక క్రమపద్ధతి ఏర్పరచి 1976లో ప్రకటించాడు. నాడు కాగితాలు ముందు పెట్టుకొని మనుషులు కూర్చునేవారు. నేడు తెరపై తీసివేసిన పంక్తులు ఎరుపులోను, చేర్చినవి ఆకుపచ్చలోను కనిపిస్తాయి. సౌకర్యమే. కాని కన్ను రంగు వెంట పోతుంది. మారని పంక్తులలో అణగి ఉన్న తప్పును ఏ రంగూ చూపదు. వ్రాయవలసి ఉండి వ్రాయని పంక్తికి అసలే రంగు లేదు.

దీపావళికి ముందు మార్కెట్టులో ఊపిరాడని రోజులు. చెల్లింపుల సేవవారు తమ జవాబులలో ఒక కొత్త స్థితిని చేర్చారు. అంతవరకు ‘సఫలం’, ‘విఫలం’ అని రెండే వచ్చేవి. ఇప్పుడు ‘బ్యాంకు విచారణలో ఉన్నది’ అన్న అర్థంగల మూడవ మాట వచ్చింది. లైబ్రరీ ఆ మాట ఎరుగదు. ఎరుగని మాట రాగానే మొరాయించింది. ఒక్క బిల్లు కారణంగా వర్తకుని ప్రోగ్రాము మొత్తం మూతబడింది. ఫోన్లు మ్రోగాయి.

ఉద్యోగంలో చేరి ఏడాది కాని ఒక గుజరాతీ అమ్మాయి మధ్యాహ్నానికల్లా సవరణ వ్రాసి పంపింది. నలభై పంక్తులకు మించదు. చదవడానికి ముచ్చటగా ఉన్నది. పరీక్షలన్నీ నెగ్గాయి. దాని సారం ఇంతే: స్థితి ‘విఫలం’ కాకపోతే ‘సఫలం’గా గ్రహించవలెను.

ఆయన ఆ పంక్తి దగ్గర ఆగిపోయాడు.

“భాయ్, ఎదుటివారు ఏది పంపినా సర్దుకుపోవాలని మీరే కదా చెప్పారు?” అని ఆ అమ్మాయి అడిగింది. ఆమె మాటకు ఆధారం లేకపోలేదు. ఇంటర్నెట్ నిర్మాతలలో ఒకడైన జాన్ పోస్టెల్ 1980లో టీ.సీ.పీ. నిబంధనలు కూర్చుతూ, పంపేటప్పుడు కట్టుబాటుతోను, స్వీకరించేటప్పుడు ఔదార్యంతోను మెలగాలన్న సూత్రాన్ని అందులో చేర్చాడు. ఆ ఔదార్యమే లేకపోతే వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు తయారుచేసిన యంత్రాలు ఒకదానితో ఒకటి మాటాడగలిగేవి కావు. అయితే ఔదార్యానికి వెల ఉన్నది. స్వీకరించేవాడు తప్పును కప్పిపుచ్చిన కొద్దీ, పంపేవాడికి తన తప్పు తెలియదు. కొన్నాళ్ళకు ఆ తప్పే ఆచారమవుతుంది. 2023లో వెలువడిన 9413వ సంఖ్య గల ఆర్.ఎఫ్.సీ. పత్రం ఈ సంగతినే విస్తరించి చర్చించింది.

“సర్దుకుపోవడమంటే తెలియనిదానిని తెలిసినట్టు చెప్పడం కాదమ్మా,” అన్నాడాయన. “విచారణలో ఉన్న చెల్లింపును మనం ముట్టినదని చెబితే వర్తకుడు సరుకు లారీకి ఎక్కిస్తాడు. రేపు బ్యాంకు కాదంటే ఆ బేళ్ళు ఎవరు వెనక్కి తెస్తారు?”

యజమానికి మాత్రం సాయంత్రంలోగా సవరణ పోవాలి. మూతబడిన ప్రోగ్రాము కళ్ళకు కనిపిస్తున్నది. రేపటి నష్టం కనిపించడం లేదు. ఇటువంటి చోట పరిశీలకుని స్థితి ఇబ్బందికరమైనది. కాదన్నవాడు పని ఆపినవాడుగా లెక్కకు వస్తాడు. జరగకుండా ఆగిన నష్టం ఏ లెక్కకూ రాదు. పైగా, నిజం చెప్పాలంటే, ఆనాటి చిక్కులో సగం మితిమీరిన కాఠిన్యం వలన పుట్టినదే. తెలియని మాట ఒకటి వస్తే రెండువందల బిల్లులను నిలిపివేయడం జాగ్రత్త అనిపించుకోదు.

ఆయన తన తండ్రి మాట ఒకటి చెప్పాడు. మరమగ్గంలో పేక తెగితే దానిని పసిగట్టి మగ్గాన్ని ఆపే చిన్న ముల్లు ఒకటి ఉంటుంది. ఉత్పత్తి తగ్గుతున్నదని దానిని పనిచేయకుండా కట్టివేసిన మేస్త్రీలను ఆ తండ్రి చూశాడు. “పోగు తెగితె సాంచె ఆగాలె బిడ్డా. ఆగకుంటె ఎన్ని గజాలు ఖరాబయితయో గుడ్డ విప్పినంక గని ఎరుకగాదు” అనేవాడట. జపానులో సకిచి టొయోడా పోగు తెగితే తనంతట తానే ఆగే మగ్గాల కొరకు ఏళ్ళ తరబడి శ్రమించి 1924లో తన పేరుపొందిన స్వయంచాలక మగ్గాన్ని సిద్ధం చేశాడు. దోషం కనిపించగానే యంత్రం ఆగాలన్న ఆ భావమే తరువాత టొయోటా కార్ల కర్మాగారాలకు మూలసూత్రమైంది. అయితే ఆగేది ఆ ఒక్క మగ్గమే. షెడ్డులోని మగ్గాలన్నీ కావు.

ఆ వెలుగులో ఇద్దరూ కలిసి సవరణను తిరిగి వ్రాశారు. తెలిసిన రెండు స్థితులకు తోడుగా ‘తెలియదు’ అనే మూడవదానిని చేర్చారు. ఎరుగని మాట ఏది వచ్చినా ఆ బిల్లు ఒక్కటే పక్కకు నిలుస్తుంది, మిగిలినవి సాగుతాయి. వచ్చిన జవాబును ఒక్క అక్షరం మార్చకుండా భద్రపరుస్తుంది. కొంతసేపటికి అదే గుర్తింపు సంఖ్యతో మళ్ళీ విచారిస్తుంది. డబ్బు మాత్రం రెండవసారి అడగదు. వర్తకునికి పసుపు రంగులో ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని కనిపిస్తుంది. సరుకు పంపాలా వద్దా అన్నది అతని వివేకానికి, కొనుగోలుదారుపై అతనికి గల నమ్మకానికి వదిలివేశారు. ఆ నిర్ణయం యంత్రానిది కాదు.

రాత్రి తొమ్మిదింటికి సవరణ వెళ్ళింది. యజమాని ముఖం ప్రసన్నంగా లేదు.

మరుసటి వారం ఆ అమ్మాయి ఎవరూ అడగకుండానే మరొక ప్రతిపాదన పంపింది. పార్సరుకు పరీక్షగా ఏడు చెడ్డ జవాబులు: సగంలో తెగిపోయినది, మొత్తం లేనిది, మొత్తం స్థానంలో అక్షరాలున్నది, ఇలా ఆరు ఆయన ఊహించినవే. ఏడవది ఆయనకు తట్టనిది. పైన ‘అంతా సవ్యం’ అని సూచించే 200 సంకేతమే ఉన్నది. లోపల మాత్రం జేసన్ లేదు. ఎక్కడో మధ్యనున్న యంత్రం అందించిన ‘సేవ తాత్కాలికంగా నిలిచినది, మన్నించండి’ అనే పుట ఉన్నది.

ఆయన ఆ పరీక్షను రెండుసార్లు నడిపి చూశాడు. లైబ్రరీ అందులో విఫలమైంది. “ఇది కూడ చేర్చు, దీనికి సవరణ నువ్వే వ్రాయి” అని పక్కన వ్రాసి, తరువాతి ప్రతిపాదన తెరిచాడు.