పసుపు జెండా కనబడే చోటు

చెట్టిపాళెం దిక్కు బస్సులో పోయేవాళ్ళకు ఆ శబ్దం తెలిసే ఉంటుంది. కొన్ని శని, ఆదివారాల్లో తుట్టె కదిలిన తేనెటీగల్లాగ గుయ్యిమని పొలాల మీదుగా వినిపిస్తుంది. అది కరి మోటార్ స్పీడ్‌వే. బైకులకు, కార్లకు పందేలు జరిగే ట్రాక్. 2003లో మొదలైంది. చుట్టు పొడవు 2.1 కిలోమీటర్లు. మన కోయంబత్తూరు మిల్లు లైన్లలో పుట్టి పెరిగినవాళ్ళలో ఎక్కువమంది దాని గేటు లోపల అడుగు పెట్టి ఉండరు. "అది డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకే" అంటుంది మా అమ్మ. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా నాలుగేళ్ళుగా మా తమ్ముడు అక్కడ పోటీల్లో బండి తోలుతున్నాడు. నేను గోడ పక్కన నిలబడి వాడికి బోర్డు చూపిస్తున్నాను. మొగపిల్లలున్న మన ఇళ్ళవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటి అక్కడ ఉంది. అందుకే మొన్నటి మూడు రోజుల పోటీ గురించి రాస్తున్నాను.

ఆ ట్రాక్‌కూ మిల్లులకూ సంబంధం లేకపోలేదు. కరి అంటే ఎస్. కరివర్ధన్. ఇక్కడి మిల్లుల కుటుంబంలో పుట్టినాయన. మారుతి ఇంజను పెట్టి, ఒక్కరే కూర్చునే రేసు కారును ఇక్కడే తయారు చేయించి, కుర్రవాళ్ళు పోటీకి దిగే దారి చూపించాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా మన ఊరివాడే. ఇంకా వెనక్కి పోతే జి.డి. నాయుడు గారి కథ మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. పల్లెకు వచ్చిన తెల్ల అధికారి మోటారు సైకిల్ చూసి, అట్లాంటిది తనకూ కావాలని హోటల్లో పనికి చేరి, డబ్బు కూడబెట్టి కొని, దాన్ని ముక్క ముక్కగా విప్పి మళ్ళీ బిగించాడు. ఈ ఊళ్ళో ఇంజను పిచ్చి కొత్తది కాదు.

ఆ పిచ్చి రోడ్డు మీద పడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. అయిదేళ్ళ కిందట మా లైనులో చివరింటి పిల్లవాడు బైపాస్ మీద పోయాడు. రాత్రి పన్నెండు దాటాక నాలుగు బండ్లు పందెం కట్టుకున్నాయి. ముందున్నవాడు జారి పడ్డాడు. పడ్డాడని వెనక వచ్చే లారీవాడికి చెప్పడానికి ఎవరూ లేరు. అంతే. ఆ గుంపులో మా తమ్ముడూ తిరిగేవాడు. ఆ రాత్రి వాడికి వర్క్‌షాపులో నైట్ షిఫ్టు పడింది కాబట్టి పోలేదు. తర్వాత నెలన్నర రోజులు బండి తాళం చెవి ముట్టుకోలేదు. అప్పుడు మా మేనమామ, ఆయనకు మెకానిక్ షెడ్డు ఉంది, వాణ్ణి ఒక ఆదివారం చెట్టిపాళెం పిలుచుకుపోయాడు. "తోలాలని ఉంటే ఈడ తోలు. బయట తోలినావని తెలిస్తే నీ బండి విప్పి పాత ఇనుముకు వేస్తా" అన్నాడు. అక్కడ మొదలైంది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే పోటీ పని ఉంటుంది. ఆ రోజు బండి తోలేది తక్కువ, చూపించుకునేది ఎక్కువ. పరీక్ష చేసేవాళ్ళు ఒక్కొక్క బండినీ పట్టి పట్టి చూస్తారు. అద్దాలు, లైట్లు, సైడ్ స్టాండు తీసేసి ఉండాలి. ఆయిల్ కారకుండా డ్రెయిన్ బోల్టుకు రంధ్రం వేసి సన్న తీగతో కట్టి ఉండాలి. బ్రేకు, క్లచ్ లీవర్ల చివర గుండు ఉండాలి, పడితే ఒంట్లో గుచ్చుకోకుండా. హెల్మెట్ పట్టీకి రెండు రింగులు, ఒంటికి ఒకటే ముక్కగా కుట్టిన తోలు సూటు, వీపుకు రక్షణ, గ్లవ్స్, బూట్లు అన్నీ చూస్తారు. ఒక్కటి సరిగా లేకపోయినా స్టిక్కర్ అంటించరు. స్టిక్కర్ లేని బండి ట్రాక్ ఎక్కదు. మా మామ బోల్టు తీగలు మూడుసార్లు లాగి చూసుకున్నాడు. మిల్లులో మెషిను ఓవర్‌హాల్ అయ్యాక ఫిట్టరు చేసే పని అదే కదా అనిపించింది నాకు.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి జెండాల గురించి చెప్పారు. ఎన్ని పోటీలు చేసినవాడైనా వినాల్సిందే. ఆకుపచ్చ అంటే దారి బాగుంది. ఎరుపు అంటే పోటీ ఆగింది, నెమ్మదిగా వెనక్కి రావాలి. నీలం అంటే నీకంటే ఒక చుట్టు ముందున్నవాడు వెనక వస్తున్నాడు, దారి ఇవ్వు. పసుపు, ఎరుపు చారలంటే నేల మీద ఆయిలో నీళ్ళో ఉన్నాయి. నంబరుతో నల్ల జెండా చూపిస్తే ఆ నంబరువాడు పక్కకు వచ్చేయాలి. గళ్ళ జెండా అంటే అయిపోయింది. ఇక పసుపు జెండా ఊపితే ముందు ఎవరో పడ్డారు, వేగం తగ్గించు, ఎవరినీ దాటొద్దు. "మిగతావి మరిచిపోయినా ఇది మరవొద్దు" అన్నాడు చెప్పినాయన.

శనివారం పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం క్వాలిఫయింగ్. ఎవరు ఎంత తక్కువ సమయంలో చుట్టు తిరిగితే ఆదివారం అంత ముందు వరసలో నిలబడతారు. మావాడిది చిన్న బండి, నూట అరవై సీసీ. చుట్టుకు నిమిషం ఇరవై రెండు సెకన్లు పడుతుంది. నా చేతిలో స్టాప్ వాచ్, బోర్డు. ఎన్నో స్థానంలో ఉన్నాడు, ముందువాడికీ తనకూ ఎన్ని సెకన్ల తేడా, ఎన్ని చుట్లు మిగిలాయి, ఈ మూడూ అంకెలు పెట్టి వాడు ఎదురుగా వచ్చేసరికి గోడ మీద చూపించాలి. కన్ను మూసి తెరిచేలోపల దాటిపోతాడు. "అంత వేగంలో నీకెట్లా కనబడుతుందక్కా" అని వేరే జట్టు పిల్లవాడు అడిగాడు. పద్నాలుగేళ్ళుగా నేను రింగ్ ఫ్రేమ్ మీద సైడర్‌ని. మా స్పిండిల్ నిమిషానికి పదహారు వేల చుట్లు తిరుగుతుంది. వాళ్ళ ఇంజను అంత తిరగదు. వందల దారాల్లో తెగిన ఒక్క దారాన్ని నడుస్తూ నడుస్తూ పట్టే కన్ను నాది.

అయిదో చుట్టులో నిమిషం ఇరవై రెండు దాటింది. నిమిషం ముప్పై. వాడు రాలేదు. వాడి వెనకవాళ్ళు వచ్చారు, వాడు రాలేదు. అవతలి మలుపు దగ్గర పసుపు జెండా ఊగుతోంది. నా కాళ్ళలో బలం పోయింది. మామ నా భుజం మీద చెయ్యి వేసి "వాచ్ ఆపొద్దు" అన్నాడు. ఎందుకు అన్నాడో తెలియదు. నాకు చేతికి పని ఉండాలని కాబోలు. రెండు నిమిషాల తర్వాత, రేడియో పట్టుకున్న కుర్రవాడు మా దగ్గరికి వచ్చి "లేచి నిలబడినాడు, నడుస్తా ఉండాడు" అన్నాడు.

ముందు టైరు జారి పడ్డాడు. తోలు సూటు మోచేతి దగ్గర గీసుకుపోయింది, లోపల చర్మం బాగానే ఉంది. ఎడమ చేతి చూపుడు వేలు మాత్రం వాచింది. ట్రాక్ పక్కనే ఉన్న గదిలో డాక్టరు చూశాడు. కళ్ళలో లైటు వేసి, మెడ తిప్పించి, గుప్పిట మూయించి తెరిపించాడు. "రేపు పొద్దున మళ్ళీ రా. క్లచ్ పట్టగలిగితే పోటీకి పోతావు, లేకపోతే ఇంటికి" అన్నాడు. వాడు బతిమాలబోతే వినలేదు.

బండికి క్లచ్ లీవరు విరిగింది, హ్యాండిల్ వంగింది, ఫుట్‌రెస్టు పోయింది. మామ దగ్గర ఫుట్‌రెస్టు ఉంది, లీవరు లేదు. అడగకుండానే తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నారు? సరిగ్గా మావాడి ముందు వరసలో నిలబడే పోటీదారుడు, హోసూరు పిల్లవాడు. "వీణ్ణి ట్రాక్ మీద ఓడించాల గానీ లీవరు లేక ఓడిపోతే ఏం బాగుంటుంది మామా" అన్నాడు. రాత్రి పది దాకా టార్చి లైటు వెలుతురులో పని సాగింది. పడిన బండిని మళ్ళీ పరీక్షకు చూపించాలి. హెల్మెట్‌కు దెబ్బ తగిలి ఉంటే అది కూడా మార్చాలి. తగల్లేదు.

అమ్మ ఫోన్ చేసింది. దాచలేదు, చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "డాక్టరు ఉండినాడా ఆడ?" అని అడిగింది. ఉన్నాడన్నాను. "ఆ చివరింటి బిడ్డకు అది కూడా లేకపోయె గదే" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున డాక్టరు వేలు నొక్కి చూసి, చేతిలో లీవరు పెట్టి పట్టించి, సరేనన్నాడు. మావాడు పదకొండో స్థానం నుంచి బయలుదేరాడు. మొదటి రేసు ఎనిమిది చుట్లు. తొమ్మిదో స్థానంలో వచ్చాడు. వేలు నొప్పి అని చెప్పలేదు గానీ గ్లవ్ తీసేటప్పుడు పళ్ళు బిగబట్టడం చూశాను.

రెండో రేసు మధ్యాహ్నం మూడు దాటాక. పాలక్కాడు కనుమ నుంచి గాలి మొదలైంది. మేఘం పట్టింది గానీ వాన పడలేదు. ఈసారి మావాడికి బయలుదేరడం బాగా కుదిరింది. నాలుగో చుట్టుకు ఏడో స్థానం. ముందు హోసూరు పిల్లవాడు, ఆరో స్థానంలో. నేను బోర్డు మీద తేడా పెడుతున్నాను. సెకను. ముప్పావు సెకను. అర సెకను. ఇంకొక్క మలుపులో దాటేస్తాడు. నేను గట్టిగా అరుస్తున్నాను, వాడికి వినబడదని తెలిసీ.

ఏడో చుట్టులో వాళ్ళిద్దరికీ ముందున్న అయిదోవాడు పడ్డాడు. పసుపు జెండా లేచింది. హోసూరు పిల్లవాడు తగ్గించాడు, మావాడూ తగ్గించాడు. వెనక వస్తున్న ఎనిమిదోవాడు తగ్గించలేదు. జెండా ముందే మావాడి పక్కనుంచి సందులో దూరి దాటిపోయాడు. చివరి చుట్టులో వాణ్ణి మళ్ళీ పట్టడానికి సమయం చాల్లేదు. మావాడు ఏడోవాడిగా గీత దాటాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు హెల్మెట్ తీయకముందే "నువ్వెందుకు వదిలినావురా? పోవలసింది గదా!" అన్నాను. వాడు నీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు: "అక్కా, బండి తీసేదానికి ఇద్దరు ట్రాక్ పక్కకు దిగినారు. ఒకడు పడినోడి తల దగ్గర కూర్చున్నాడు. నిన్న నా తల దగ్గర కూర్చున్నోడు వాడే. వాడి పక్కనుంచి నేనెట్లా పోయేది?"

ఇంక మాట్లాడలేదు నేను. అరగంట తర్వాత పోటీ అధికారులు కాగితం అంటించారు. జెండా కింద దాటినవాడికి శిక్ష వేసి మావాడికంటే వెనక పెట్టారు. మావాడు ఆరు. ఆరో స్థానానికి కప్పు లేదు, డబ్బు లేదు. పడిన కుర్రవాడు కుంటుకుంటూ వచ్చి అందరితో పాటు టీ తాగాడు. నాకు అదే పెద్ద ఫలితంగా కనిపించింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇది ఖర్చుతో కూడిన పని. రెండు టైర్లకే నా నెల జీతంలో సగం పోతుంది. సూటు ఒకరు వాడి అమ్మినది. ఎంట్రీ ఫీజు వాడి ఓవర్‌టైమ్ నుంచి, మిగతాది నేను ఎత్తిన చీటీ నుంచి. ఏడాదికి మూడు పోటీలకంటే ఎక్కువ మాకు కుదరదు. ప్రమాదం లేదని కూడా చెప్పను. 2023 ఆగస్టులో చెన్నై దగ్గరి ట్రాక్‌లో 13 ఏళ్ళ పిల్లవాడు పోటీలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ట్రాక్ మీద కూడా తల్లి కడుపు కోత ఉంది.

అయినా మన పిల్లల్ని బండి ముట్టొద్దంటే వింటారా? మన ముందు వింటారు, పన్నెండు దాటాక బైపాస్ మీద ఉంటారు. వాళ్ళ వేగం ఎక్కడికీ పోదు. ఆ వేగానికి ఎదురుగా ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడే చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అక్కడ తోలాలంటే దేశంలో మోటారు క్రీడలను చూసుకునే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. లైసెన్సు కావాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు తల్లిదండ్రుల సంతకం కావాలి. తోలడం నేర్పే తరగతులు కూడా జరుగుతాయి. పోటీకి దిగే స్తోమత లేనివాడు జెండా పట్టే పనికి పేరు ఇవ్వొచ్చు. శనివారం మావాడి తల దగ్గర కూర్చున్నది అట్లాంటి కుర్రవాడే, సింగానల్లూరు లేత్ షెడ్డులో పని చేస్తాడు.

మీ ఇంట్లో బండి పిచ్చి ఉన్న పిల్లవాడుంటే, ఒక ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని చెట్టిపాళెం రండి. వాడు బండ్లను చూస్తాడు, చూడనివ్వండి. మీరు మాత్రం మలుపు దగ్గర ఎండలో నిలబడిన ఆ జెండా మనిషిని చూడండి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అతను చూపు తిప్పడు.