వెంటిలేటర్ పెట్టాక బీపీ

పిట్లం వైపు నుంచి మా ఆసుపత్రికి రోగులను తీసుకొచ్చే కుటుంబాలు తరచూ అడిగే మాట ఇది: "మిషన్ మీద పెడితే మనిషి మళ్ల లేస్తడా సారూ?" ఊరికే పుట్టిన భయం కాదది. ట్యూబ్ వేసిన కాసేపటికే బీపీ పడిపోయిన మనుషులు వాళ్లకు తెలిసిన ఇళ్లలోనే ఉంటారు. జబ్బు ముదిరిందనుకుంటాం గానీ, చాలాసార్లు యంత్రం నెట్టే గాలికీ అందులో పాలు ఉంటుంది.

మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లోని రక్తం సులువుగా గుండెకు చేరుతుంది. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. నిజాంసాగర్ కాలువ కింద సాగు చేసేవాళ్లకు ఇలా చెబుతాను: దిగువ మడిలో మట్టం పెరిగితే పైనుంచి వచ్చే నీళ్లు మందగిస్తాయి. కుడి గుండెకు చేరే రక్తమూ అంతే. వైద్యుడు ఆండ్రే కూర్నాండ్ బృందం 1948లోనే మనుషుల్లో దీన్ని కొలిచి చూపింది.

ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైన ఒక పెద్దాయనకు ట్యూబ్ వేశాం. మిషన్ నిమిషానికి 20 శ్వాసలిస్తోంది. పై బీపీ 70కి జారింది. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాకముందే మరో శ్వాస వచ్చి పడుతోంది. చిక్కుకున్న గాలి గుండెను నొక్కేస్తోంది. ట్యూబ్‌ను కొన్ని క్షణాలు మిషన్ నుంచి విడదీశాం. గాలి బుస్సున బయటికొచ్చింది, నాడి చేతికి తగిలింది. శ్వాసలు 12కు తగ్గించి, గాలి వదిలే సమయం పెంచాం. అందుకే అంబులెన్స్‌లో ఊపిరి అందించే బ్యాగ్ నొక్కే కుర్రవాళ్లతో ఎప్పుడూ అంటాను: మెల్లగా నొక్కండి, ఛాతీ పూర్తిగా దిగాకే మళ్లీ నొక్కండి.

అదే ఒత్తిడి మరొకరికి మందు. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక రొప్పుతున్న ఒక అవ్వకు, గాలిని ఆగకుండా ఒత్తిడితో ఇచ్చే సీపాప్ మాస్క్ బిగించాం. గుండెకు తిరిగొచ్చే రక్తం కొంత తగ్గింది, ఎడమ జఠరిక మీద భారమూ తగ్గింది. మందులూ తోడయ్యాయి. కాసేపటికి మంచినీళ్లు అడిగింది. కుడి జఠరిక దెబ్బతిన్న గుండెపోటులో మాత్రం ఇదే ఒత్తిడి ప్రమాదం. ఒత్తిడిని ఒక్కో మెట్టుగా, బీపీ చూస్తూ పెంచాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మిషన్ తీసే రోజు. కట్టెల పొయ్యి పొగతో ఊపిరితిత్తులు, బీపీతో గుండె దెబ్బతిన్న ఒకామె ప్రెషర్ సపోర్ట్ మోడ్‌లో (ఆమె తీసే ప్రతి శ్వాసకూ మిషన్ తోడు నెట్టే పద్ధతి), పీప్ 5 (ఊపిరి వదిలాక కూడా లోపల నిలిపే ఒత్తిడి) మీద చక్కగా ఉంది. మిషన్ ఒత్తిడి లేకుండా సొంతంగా ఊపిరి తీసుకునేలా టీ-పీస్ పెట్టగానే చెమటలు, బీపీ ఆకాశానికి, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు. ఊపిరితిత్తులు సిద్ధంగా లేవని అనుకోవడం సులువు. కానీ ఆ కాస్త ఒత్తిడే అన్నాళ్లూ ఆమె గుండెను మోసింది. ఇలాంటి రోగుల్లో మిషన్ తీసేటప్పుడు ఎడమ గుండె తడబడుతుందని ఫ్రాన్స్‌లో లెమేర్ అనే వైద్యుడి బృందం 1988లో వివరించింది. ఆమెను మళ్లీ మిషన్‌కు కలిపి, గుండెకు ఎకో చేశాం, మూత్రంలో నీరు పోయే మందిచ్చాం, బీపీ అదుపులోకి తెచ్చాం. తర్వాత ట్యూబ్ తీసిన వెంటనే మాస్క్ పెట్టాం. మళ్లీ ట్యూబ్ వేయాల్సిన అవసరం రాలేదు.